ఎడమ తొడ

ముక్కు దురద పెడుతోంది. గ్లవ్స్ వేసి, మణికట్టు చుట్టూ టేపు బిగించి, ఆ టేపు మీద పెన్నుతో సంతకం గీకి వెళ్ళిపోయాడు తనిఖీ ఆయన. ఇక రింగులోకి దిగి ఆట ముగిసేదాకా వీటిని విప్పడానికి లేదు, విప్పితే ఓడినట్టే. కాబట్టి ఇప్పుడు నా చేతులతో నేను చేయగలిగిన పని ఒక్కటే, కొట్టడం. నీళ్ళ సీసా మూత తీయలేను, నుదుటి మీద పడిన జుట్టు తీసుకోలేను, ముక్కు గోక్కోలేను, కానీ ఒక మనిషి దవడ పక్కకి తిప్పేయగలను. ఆ మనిషి నాకెదురుగా, అదే గదిలో, ఇలాంటి బల్ల మీదే, ఇలాంటి గ్లవ్స్‌తోనే కూర్చుని గోడకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. మా చెల్లి, మా ఇద్దరికీ ఆట నేర్పిన బాబాయి కూతురు. కిక్‌బాక్సింగ్ ఫైనల్‌కి రెండు వైపుల నుంచీ ఒకే జిమ్ వాళ్ళం వచ్చి పడ్డాం, ఆడవాళ్ళకి ఉన్న గది ఒక్కటే, మా సాయానికి వచ్చినవాళ్ళని రూల్స్ చెప్పడానికి పిలుచుకుపోయారు, తలుపు దగ్గర కుర్చీలో కాపలా ఆవిడ మమ్మల్ని చూడ్డం మానేసి ఫోన్ చూసుకుంటోంది. ఇంకో గంటలో నేను దీన్ని కొట్టాలి. కొట్టడం అంటే మాటవరసకి కాదు, నిజంగా, పడిపోయేలా.

చూపు తిప్పుకుందామంటే తిరగదు. చిన్నప్పుడు ఒకే దుప్పటి కోసం పీక్కున్న మనిషి ఇప్పుడు నాకు మనిషిలా కనపడటం లేదు, కొట్టాల్సిన చోట్లుగా కనపడుతోంది. కుడివైపు పక్కటెముకల కింద కాలేయం. అక్కడ ఎడమ కాలు దిగితే అరవడానికి కూడా ఊపిరుండదు, మోకాళ్ళు వాటంతటవే మడుచుకుపోతాయి. గడ్డం కొస, పక్కనుంచి హుక్ గుద్దు వేశాక ఎడమ చెయ్యి బద్ధకంగా కిందకి దించుతుంది, బాబాయి గొంతు చించుకున్నా మానలేదు, ఆ సందులోంచి నా కుడిచెయ్యి వెళ్తే దీపం ఆర్పినట్టు ఆరిపోతుంది. ముక్కు, అది ఒకసారి విరిగింది, విరగ్గొట్టింది నేనే. గ్లవ్ లోపల కటుక్కుమని తెలిసింది, నేల మీద రక్తం పడుతుంటే అది ఆగకుండా నన్ను తన్నుతూనే ఉంది, బాబాయి మధ్యలో దూరి లాగితే బాబాయిని కూడా తన్నింది. పళ్ళ డాక్టరు దగ్గర కౌంటర్లో కూర్చునే ఉద్యోగం దానిది. కళ్ళ కింద కమిలిపోయి, ముక్కు మీద పట్టీతో కూర్చుంటే, వచ్చిన ఆడవాళ్ళంతా జాలిపడి గొంతు తగ్గించి, "ఎవరమ్మా కొట్టింది, మీ ఆయనా?" అని అడిగారట. "కాదండీ, మా అక్క," అందట. "మీ అక్కకేం పొయ్యేకాలం వచ్చిందమ్మా!" అన్నారట. ఇంటికొచ్చి ఆ మాట చెబుతూ, నవ్వితే ముక్కు పీకుతుంటే, ఆ పీకుడుతోనే నవ్వింది.

కానీ కాలేయం కాదు, గడ్డం కాదు, ముక్కూ కాదు. నా కళ్ళు తిరిగి తిరిగి దాని ఎడమ తొడ మీదే ఆగుతున్నాయి. నిక్కరు అంచు కింద నున్నగా, ఏమీ లేనట్టే ఉంది, ఎందుకంటే పైన ఒంటి రంగు మేకప్ పూసింది. ఆ రంగు కింద ఏముందో ఈ హాలు మొత్తంలో ఇద్దరికే తెలుసు. పోయిన వారం, జిమ్ కింద మా టైర్ల కొట్లో, నేనూ అదీ కలిసి లారీ టైర్లు గోడకి పేరుస్తుంటే పైది జారింది. లారీ టైరు దొర్లుతూ వస్తే ఆపాలనుకోకూడదు, తప్పుకోవాలి, ఆ పనిలో మొదట నేర్పేది అదే. అది తప్పుకుంది కానీ వెనక గోడ ఉంది. టైరుకీ గోడకీ మధ్య తొడ నలిగింది. అరవలేదు. పెదవి కొరుక్కుని, టైరుని నేను వెనక్కి లాగేదాకా నా భుజం పట్టుకుని నిలబడి, ఆ తర్వాత నేల మీద కూర్చుని, "నాన్నకి చెప్పావంటే చూడు," అంది. బాబాయికి తెలిస్తే పేరు వెనక్కి తీసేస్తాడు, అందులో అనుమానం లేదు. నేను చెప్పలేదు. మర్నాటికి ఆ చోటు వంకాయ రంగుకి తిరిగింది, వేలితో నొక్కితే లోపల ముద్దలా గట్టిగా తగిలింది. ఇంటి గుట్టు లంకకు చేటు అంటారు. ఆ గుట్టు నా కాలి దూరంలో కూర్చుని ఉంది.

మూడు దెబ్బలు. ఎక్కువ అక్కర్లేదు. మొదటిదానికి మొహంలో ఏమీ చూపించదు, రెండోదానికి బరువు కుడికాలి మీదకి మారుస్తుంది, మూడోదానికి కూర్చుంటుంది. ఎవరికీ ఏమీ తెలియదు, అక్క తెలివిగా కాళ్ళు కొట్టి గెలిచింది అంటారు. దేశం జట్టులోకి ఈ బరువుకి ఒక్కరినే తీసుకుంటారు. నాకు అది కావాలి. సిగ్గు లేకుండా చెప్పుకోవాలంటే, నాకది తిండి కంటే ఎక్కువ కావాలి. ఎప్పుడూ ఫైనల్‌దాకా వచ్చి ఎవరో ఒకరి చేతిలో తన్నులు తిని రెండో మెట్టు మీద నిలబడి, మెడలో వెండి బిళ్ళతో ఫోటోకి పళ్ళు ఇకిలించడమే నా బతుకు. జిమ్‌లో పిల్లకాయలు 'వెండక్క' అని పేరు పెట్టారు, నా ముందే పిలుస్తారు, నేనూ పలుకుతాను. ఇప్పుడు గెలుపు పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టుంది, పళ్ళెం చూస్తే మా చెల్లి కాలు.

పాత పద్ధతే ఉంటే ఈ పీడ ఉండేది కాదు. మేం మొదట నేర్చుకుంది ఫుల్ కాంటాక్ట్, పొడుగు ప్యాంట్లు వేసుకుని ఆడేది, అందులో నడుము కింద కొట్టకూడదు, చీలమండ దగ్గర కాలు తీసేయడం తప్ప. తొడ దేవుడి సొత్తు. ఈ పోటీల్లో మా బరువుకి లో కిక్ పద్ధతి పెట్టారు, పొట్టి నిక్కర్లు, తొడ మీద తన్నొచ్చు, లోపలా బయటా, మోకాలికి మాత్రం తగలకూడదు. ఒక్క గీత చెరిపేశారు, అంతే. నిన్నటిదాకా తప్పు అయినది ఇవాళ పాయింటు. ఆ గీత ఎక్కడ గీయాలన్నదే ఈ ఆట చరిత్రంతా అనేవాడు బాబాయి, వర్షం వచ్చి టైర్ల కొట్టుకి బేరాలు లేనప్పుడు, షట్టరు సగం దించి, టీ గ్లాసు చేత్తో పట్టుకుని. థాయ్‌లాండ్‌లో వాళ్ళ బాక్సింగ్ ఉంది, మోచేతులు, మోకాళ్ళు, ముంగాళ్ళు, ఒంట్లో గట్టిగా ఉన్నదల్లా ఆయుధమే. జపాన్‌లో కరాటే ఉంది. ఆ కరాటేవాళ్ళు వీళ్ళతో తలపడి చూశారు, ఒళ్ళు హూనమైంది, బుద్ధి కూడా వచ్చింది. మోచేతుల్లాంటివి పక్కన పెట్టి, గ్లవ్స్ తొడిగి, రెంటినీ కలిపి కిక్‌బాక్సింగ్ అని పేరు పెట్టారు. అటు అమెరికాలో కరాటే కుర్రాళ్ళకి తగిలీ తగలకుండా ఆపేయడం విసుగెత్తి, నిజంగా కొట్టుకుందాం రా అని దిగారు, కానీ నడుము కింద మర్యాద కాదన్నారు. "ఒకే బిడ్డకి ఇద్దరు తల్లులు, ఇద్దరి పెంపకం రెండు రకాలు, అందుకే దీనికి ఏ ఊళ్ళో ఏ రూలో తెలీదు," అని బాబాయి నవ్వేవాడు. చాప మీద ఆడేవి వేరు. పాయింట్ ఫైటింగ్‌లో ఒక్క దెబ్బ తగలగానే రిఫరీ ఆపేస్తాడు, లైట్ కాంటాక్ట్‌లో ఆపరు కానీ బలం పెట్టకూడదు. రింగులోవి వేరు, ఇప్పుడైతే మోకాళ్ళతో పొడిచే కే-వన్ కూడా ఉంది. దేంట్లోనైనా మోచెయ్యి తప్పే, పడ్డవాణ్ణి కొట్టడం తప్పే, వీపు తప్పే. నలిగిన తొడ తప్పని ఏ పుస్తకంలోనూ రాయలేదు.

కళ్ళు తెరిచింది. నేను మూతిని అటూ ఇటూ తిప్పుతూ ముక్కుతో తంటాలు పడటం చూసి లేచింది. నడిచి వచ్చింది. మామూలుగా నడిచింది, ఏ డాక్టరు చూసినా కుంటుతోందనడు, కానీ ఆ మామూలు నడకకి దాని పైపెదవి మీద చెమట పట్టింది. గ్లవ్‌తో నా ముక్కు మీద రుద్దింది. తోలు వాసన, దాని వెనక దాని జ్వరం లాంటి ఊపిరి.

"ఇక్కడా?"

"కొంచెం కింద. అబ్బ, అక్కడే."

"రింగులో ఇంత మెల్లగా తగలదు, ఇప్పుడే గోకించుకో."

"ఒసే, తప్పుకోవే," అన్నాను. నేననుకున్న మాట అది కాదు, నోట్లోంచి అదే వచ్చింది. "కండరం పట్టేసిందని చెప్పు. ఎవరూ ఏమనరు."

"నువ్వు తప్పుకుంటావా?"

నేను టేపు మీది సంతకం చూసుకున్నాను.

"మరి?" అని వెళ్ళి తన బల్ల మీద కూర్చుంది. ఆ కూర్చోవడంలో మాత్రం ఎడమ కాలు తిన్నగా చాపి పెట్టింది, కాపలా ఆవిడ తల ఎత్తేసరికి మడిచేసింది.

బాబాయి ఇవాళ ఎవరి మూలలోనూ ఉండడు. పొద్దున్నే చెప్పేశాడు, టైర్ల కొట్టు మెట్ల మీద నిలబడి, ఇద్దరి మొహాలూ చూడకుండా మెట్ల అంచు చూస్తూ. ఒకే జిమ్ వాళ్ళిద్దరు ఎదురుపడితే గురువు పైకి వెళ్ళి కూర్చోవాలి, ఆయన పెట్టుకున్న ఆచారం అది, ఇన్నేళ్ళూ వేరేవాళ్ళ పిల్లలకి పాటించాడు, ఇప్పుడు సొంత ఇంటికి వచ్చింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. "నేను జనంలో కూర్చుంటా. నోరు తెరవను," అన్నాడు. నాన్న లారీ మీద ఊళ్ళు పట్టుకుని తిరుగుతుంటే నన్ను తన ఇంట్లో పెట్టుకుని పెంచాడు, ఒక్కనాడు కూడా పళ్ళెంలో తేడా చూపించలేదు, అది నిజం. కానీ పిండి వంట పెట్టే చెయ్యి వేరు, మా తన్నులకి ప్యాడ్ పట్టుకునే చెయ్యి వేరు. కూతురికి ప్యాడ్ పట్టినప్పుడు ఆయన ఊపిరి బిగబట్టేవాడు, నాకు పట్టినప్పుడు మామూలుగా పీల్చేవాడు. ఇలాంటివి ఎవరికీ చెప్పుకునేవి కావు. ఇద్దరికీ అంకెలతో నేర్పాడు. 'ఒకటి' అంటే ఎడమచేత్తో సూటిగా జాబ్, కుడిచేత్తో క్రాస్, పొట్టలోకి తన్ను. 'రెండు' అంటే తలకి. 'మూడు' అంటే జాబ్, క్రాస్, కుడికాలు వంచి ఎదుటివాళ్ళ ఎడమ తొడ మీద. చెవిలో పడితే చాలు, ఆలోచన అక్కర్లేకుండా ఒళ్ళే చేసేస్తుంది. కూరగాయల కొట్లో ఎవరో "మూడు కిలోలు" అంటే నా కుడి మడమ నేల మీద తిరిగిన రోజులున్నాయి.

పిలిచారు. నడవా, వెలుగు, తాళ్ళు. నా మూలలో మా కొట్లో పనిచేసే ట్యూబు ఉంది, మనిషి గుండ్రంగా ఉంటుందని ఆ పేరు, నోట్లో పళ్ళ గార్డు కుక్కి చెంప మీద ఒకటి తట్టింది. గంట కొట్టారు, అది వచ్చింది, అలవాటైన భుజం, అలవాటైన చూపు, నా ముక్కు మీద రెండు పడ్డాయి, నేను ఒకటిచ్చాను, గడ్డం కింద. దాని తల వెనక్కి వెళ్ళి వచ్చింది. పొట్టలోకి తన్నాను. తలకి తన్నాను. దాని తొడ నా ఎదురుగా, అడుగు ముందుకి పెట్టి మరీ చూపిస్తున్నట్టు ఉంది, నేను దాని పైనుంచి తన్నాను, చిన్నప్పుడు గడప తొక్కకుండా దాటినట్టు ప్రతిసారీ దాటాను. అది మాత్రం నన్ను దాటలేదు. నా తొడ మీద దాని కుడికాలు పడింది, మళ్ళీ అక్కడే పడింది, నా కాలు మొద్దుబారింది, వంగేసరికి హుక్ వచ్చి చెవి దగ్గర దిగింది, లోపల ఏదో కూతలా మొదలై ఆగలేదు. తాళ్ళ మీదకి నెట్టి కొడుతోంది. నాలుక మీద ఇనుము రుచి. ఆ దెబ్బల మధ్య దాని కళ్ళు చూశాను, అందులో గెలుస్తున్న సంతోషం లేదు, కోపం ఉంది, ఇంట్లో నేను దాని దుస్తులు అడక్కుండా వేసుకున్నప్పుడు ఉండే కోపం కూడా కాదు, నేనెప్పుడూ చూడనిది. ఎందుకో నాకు తెలియలేదు. గంట.

"కాళ్ళున్నాయని మర్చిపోయావా?" ట్యూబు నా మొహం మీద నీళ్ళు కొడుతూ అరిచింది. "అది నీ కాలు కూర వండుతోంది, నువ్వేమో గాల్లో తంతున్నావు! అది పైకి కొట్టేదాకా ఆగి కిందకి దిగవే, కిందకి!" నేను తల ఊపాను. ఎదుటి మూలలో అది కూర్చోలేదు, నిలబడే ఉంది. కూర్చుంటే లేవలేనని తెలుసు దానికి. నాకూ తెలుసు. నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది, నీళ్ళలో కలిసిపోయింది కాబట్టి సరిపోయింది.

రెండో రౌండ్. అది మళ్ళీ తాళ్ళ మీదకి తోసింది, నేను రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టాను, పైన మొత్తం మూసేశాను, కింద మొత్తం తెరిచేశాను. అప్పుడు జనంలోంచి, ఇన్నేళ్ళ అలవాటు గొంతు చీల్చుకుని వచ్చింది, "మూడూ!" అని. బాబాయి. నోరు తెరవనన్న మనిషి. ఆ కేక నాకు కాదు. నా చేతులు పైకి వెళ్ళడం, కింద తొడ ఖాళీగా ఉండటం చూసి కూతురికి అరిచాడు, అది ఆయనకీ తెలియకుండా వచ్చి ఉండొచ్చు, కానీ వచ్చింది దానికే. చెవులు మాత్రం ఇద్దరివీ ఆయన పెంచినవే. అది జాబ్ వేసింది, నేనూ వేశాను, రెండు క్రాసులు గాల్లో రాసుకున్నాయి, రెండు కుడికాళ్ళు ఒకేసారి లేచాయి, రెండు ఎడమ తొడల మీద ఒకేసారి పడ్డాయి. నా కాలు మండింది. దాని కాలు మాత్రం, నా ముంగాలి కింద ఏదో మెత్తటిది లోపల విడిపోయినట్టు అనిపించింది, తడి గుడ్డని రాయికేసి కొట్టిన చప్పుడు, అది నేల మీద ఉంది.

నన్ను దూరపు మూలకి పొమ్మని రిఫరీ చెయ్యి చూపించి లెక్క మొదలుపెట్టాడు. జనంలో బాబాయి లేచి నిలబడ్డాడు, కూతురు లేస్తున్న పద్ధతి చూస్తున్నాడు, చేతుల మీద ఆనుకుని, ఎడమ కాలు పక్కకి చాపి, కుడికాలి మీద ఒక్కదాని మీదే పైకి. ఆయనకి అర్థమైంది. నోటి మీద చెయ్యి వేసుకున్నాడు. నేను జాలిపడాలి, పడలేదు. ఊపిరి బిగబట్టిన ఆ ప్యాడ్లన్నీ గుర్తొచ్చాయి. నాకొక్క కేక కూడా వెయ్యకుండా కూర్చుంటాననుకున్నావు కదా, వేసింది దానికే కదా, చూసుకో. ఇంత విషం నాలో ఉందని నాకు తెలియదు, ఉంది, కడుపులోంచి తొడలోకి, తొడలోంచి కాలిలోకి దిగింది. ఎనిమిది దాకా లెక్క పెట్టి రిఫరీ దాని గ్లవ్స్ పట్టుకుని, "ఆడతావా?" అన్నాడు. అది తల ఊపింది. ముందుకి అడుగు వెయ్యమన్నాడు, వేసింది, ఎలా వేసిందో దాని దేవుడికి తెలుసు. "ఫైట్."

అది నా వైపు వచ్చింది. చేతులు పైకి పెట్టుకుని, ఎడమ కాలే ముందు పెట్టుకుని, కుడికాలిని ముందుకి మార్చకుండా, దాచకుండా వచ్చింది. నేను జాబ్ వెయ్యలేదు, క్రాస్ వెయ్యలేదు. సూటిగా తొడ మీద తన్నాను. నిలబడింది. మళ్ళీ అక్కడే తన్నాను, తుంటి మొత్తం తిప్పి, ఒంట్లో ఉన్నదంతా పెట్టి, లారీ టైరు రిమ్ము ఊడగొట్టడానికి సుత్తి ఎత్తినట్టు. దాని నోట్లోంచి గార్డు ఊడిపడింది, అప్పటికి అరిచింది, ఆ రోజు గోడకీ టైరుకీ మధ్య అరవని అరుపు. పడుతున్న మనిషిని మూడోసారి తన్నబోయాను, కాలు లేచింది కూడా, రిఫరీ నా మీద పడి రెండు చేతులతో వాటేసుకుని ఆపాడు.

నా చెయ్యి ఎత్తారు. హాలంతా అరుస్తోంది, ట్యూబు ఏడుస్తూ గెంతుతోంది, నా చెవిలో కూత ఆగలేదు కాబట్టి ఎవరి మాటా తెలియలేదు. దాన్ని కుర్చీలో కూర్చోబెట్టారు, డాక్టరు రంగు తుడిచి చూసి బాబాయి వైపు చూశాడు, బాబాయి మోకాళ్ళ మీద కూర్చుని ఐసు అదుముతున్నాడు, నేను దగ్గరికి వెళ్ళినా తల ఎత్తలేదు. ఆయనతో మాట తర్వాత. నేను దాని ముందు వంగాను. తిడుతుంది, తిట్టనీ, కొడుతుంది, కొట్టనీ, అనుకుని మొహం దగ్గరగా పెట్టాను. పెదవి చిట్లి రక్తం కారుతుంటే గ్లవ్‌తో నా మెడ వెనక పట్టి ఇంకా దగ్గరికి లాక్కుంది, ముందెప్పుడూ అలా పట్టుకోలేదు.

"తన్నినందుకు నాకేం కోపం లేదు. నీ కాలికి అది దొరికింది, తన్నావు, నేనైనా అంతే," అంది. "మొదటి రౌండంతా నన్నెవరనుకుని ఆడావక్కా? కుంటిదాననా?"

మెడ మీద గ్లవ్ తీసేసింది, మొహం డాక్టరు వైపు తిప్పుకుని, ఎక్కడ నొప్పో ఆయనకి చెప్పడం మొదలుపెట్టింది.